చివరి వరస

మా వదిన పోయి నాలుగు నెలలైంది. ఇప్పటికీ మా వీధిలో ఎవరైనా ఆమె మాట ఎత్తితే "పాపం, మంచి మనిషి" అని మొదలుపెడతారు. రెండో మాటకే "అయినా ఆ ఏడు అందరి చేతా చేదు తినిపించింది కదా" అంటారు. ముప్పై ఏళ్లు ఆమె ఇచ్చిన విత్తనాలతో పందిళ్లు వేసుకుని, కాయలు కోసుకుని, కడుపునిండా తిన్నవాళ్లు ఒక్క ఏడాది చేదును మాత్రం భద్రంగా దాచుకున్నారు. నాలుగు తిట్టాలని నోటిదాకా వస్తుంది. కానీ తిట్టలేను. ఎందుకు తిట్టలేనో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను దర్జీని. మా ఇంటి ముందుగదే నా కొట్టు. అన్నయ్య పంపుహౌసులో వాచ్‌మన్. వదిన గోడౌనులో చిరిగిన గోనెసంచులు కుట్టేది. నా చేతిలో సన్నసూది, ఆమె చేతిలో దబ్బనం. "ఇద్దరం కుట్టుకు బతికేవాళ్లమే అబ్బాయ్. కాకపోతే నేను కుట్టినవి తొడుక్కునేది వడ్లూ జొన్నలూ. చంక దగ్గర బిగుతయిందని అవి పేచీ పెట్టవు" అనేది. అయిదో క్లాసుతో చదువు ఆపేసిన మనిషి. నోటికి మాత్రం చదువు తక్కువేం కాలేదు.

ఆమె మా ఇంటికి వచ్చేటప్పటికి నాకు పద్నాలుగేళ్లు. పెట్టెలో నాలుగు చీరలూ, చీరల మడతల్లో ఒక దగ్గుమందు సీసా తెచ్చుకుంది. అది చూసి, కొత్తకోడలికి దగ్గు జబ్బేమోనని మా అమ్మ రెండు రోజులు కంగారుపడింది. మూడో రోజున ఉండబట్టలేక మూత తీసి చూస్తే లోపల బూడిద, బూడిదలో సొరగింజలు. వదిన అమ్మమ్మ దగ్గరినుంచి వాళ్లమ్మకీ, వాళ్లమ్మ దగ్గరినుంచి ఆమెకీ వచ్చిన విత్తనం అది. కాయ మెడ పొట్టిగా ఉండేది. లేత ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు. కాస్త ముదిరినా పీచు పట్టేది కాదు, కండలో ఒక సన్నని తీపి ఉండేది. మా వీధిలో దాన్ని పొట్టిమెడ సొర అనేవాళ్లు. వదినను సొరకాయలావిడ అనేవాళ్లు. నేనెప్పుడైనా కొట్టులో కూర్చుని గొప్పలు చెబుతుంటే లోపలినుంచి ఆమె గొంతు వినిపించేది. "నువ్వు కోసే సొరకాయలకి గింజలుండవు అబ్బాయ్."

మా పెరడు పెద్దదే. అందులో ఆరు వరసలు, వరసకు ఆరు పాదులు. ఆ ముప్పై ఆరు పాదులూ విత్తనానికే. కూరకని గోడవార వేరే రెండు పాదులు పెట్టేది. విత్తనప్పాదుల మీద చెయ్యి వేస్తే అన్నయ్యకైనా తిట్లే.

ఆమె పని ఎలా ఉండేదో చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది ఎంత పనో తెలియదు. కంచెల మీద తనంతట తానే పాకే చేదుసొర ఒకటుంది. అదే ఆకు, అదే తెల్లపువ్వు. సాయంత్రం పువ్వులు విప్పుకునేటప్పుడు పురుగులు అక్కడి పుప్పొడి ఇక్కడికి తెస్తాయి. అలా తెస్తే ఆ ఏడు కాయకేమీ కాదు, చేదు వెళ్లి గింజలో కూర్చుంటుంది. పైకి కనబడదు. మరుసటి ఏడు ఆ గింజ నాటితే వచ్చే పాదుకు ప్రతి కాయా చేదే. మామూలు చేదు కాదు, మనిషిని ఆసుపత్రికి పంపే చేదు. అందుకని వదిన మధ్యాహ్నమే మొగ్గలకు దారం కట్టేది. పొద్దువాలాక విప్పి, మగపువ్వును ఆడపువ్వుకు తానే అద్ది, మళ్లీ కట్టేసేది. అయినా నమ్మేది కాదు. ప్రతి పాదుకూ ఒక లేతకాయ కోసి, చిన్న ముక్క పచ్చిగా నమిలి ఉమ్మేది. బాగుంటే ఆ పాదులో మంచి కాయకు ఎర్రగుడ్డ కట్టేది. చేదు తగిలిందా, పాదును వేళ్లతో లాగి అప్పటికప్పుడు తగలబెట్టేది. సాయంత్రం దాకా ఉంచితే దాని పువ్వు మిగతా పాదులను పాడుచేస్తుంది మరి. "కళ్లకి కనబడేది కాదిది. నాలుకతోనే చూడాలి" అనేది.

ఎర్రగుడ్డ కట్టిన కాయ తీగ మీదే ఎండాలి. ఊపితే లోపల గలగలలాడాలి. అప్పుడు రంపంతో కోసి, గింజలు కడిగి, నీళ్లలో తేలినవి పారేసి, మునిగినవి నీడలో ఆరబెట్టేది. గింజను వేళ్ల మధ్య వంచితే వంగకూడదు, టప్పున విరగాలి. అప్పుడే సీసాలో వేసి, జల్లించిన బూడిద పోసి, మూతకు కొవ్వొత్తి మైనం కార్చేది. సీసా మీద కట్టడానికి ఏడాది అంకె నేను గుడ్డముక్క మీద దారంతో కుట్టిచ్చేవాణ్ణి. పంచే సీసాలు గూట్లో ఉండేవి. ఒక్కటి మాత్రం మెట్ల కింద, ఇసక కుండలో, మెడదాకా పూడ్చి ఉండేది. దాన్ని అడుగుసీసా అనేది. అన్నీ పోయిన ఏడాది కోసం అది.

నాట్ల కాలానికి ముందు నలభై ఇళ్లవాళ్లు మా గుమ్మం ముందు నిలబడేవాళ్లు. ఇంటికి పది గింజలు. ఊరికే ఇచ్చేది. మొదట్లో ఆ ఇళ్లలోనూ తలా ఒక సీసా ఉండేది. పోనుపోను మానేశారు. సొరకాయలావిడ ఉండగా మనకెందుకీ తద్దినం అనుకున్నారు. ఇంకే పనికీ ఆమె సలహా అడగనివాళ్లు, పెళ్లిళ్లలో ఆమెను వెనక వరసలో కూర్చోబెట్టినవాళ్లు, ఈ ఒక్క విషయంలో మాత్రం నలభై వంటిళ్లను ఆమె నాలుక మీద ఆనించి నిశ్చింతగా కూర్చున్నారు. ఆమెకు అదే గొప్ప. ఆ వారం రోజులు ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది.

ఎనిమిదేళ్ల కిందట, సొరపూత కాలంలో ఆమెకు జ్వరం పట్టుకుంది. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంది. అన్నయ్య మంచం పక్కన, నేను కొట్టులో. పెరట్లో మొగ్గలు వాటంతట అవే విచ్చుకున్నాయి, రాలిపోయాయి. దారాలు కట్టాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. మనిషి బతికి ఇంటికొస్తే చాలనుకున్నాం. వచ్చింది. గుమ్మం ఎక్కుతూనే పెరట్లోకి చూసి "మొగ్గలు?" అంది. అన్నయ్యా నేనూ మొహాలు చూసుకున్నాం. "సరే, వచ్చే ఏడు తింటే తెలుస్తుందిలే" అని తనే సర్దుకుంది.

ఆ తరవాత వారం రోజులు కూరల్లో ఒకసారి ఉప్పు లేదు, ఒకసారి రెండింతలుంది. జ్వరం నీరసమనుకున్నాం. ఒక ఉదయం మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. వదిన నేలమీద కూర్చుని ఉంది. ముందు డబ్బాలన్నీ మూతలు తీసి ఉన్నాయి. ఉప్పు నాలుక మీద వేసుకుంది. కాసేపు ఆగి పంచదార వేసుకుంది. తరవాత కాఫీపొడి, చింతపండు, కారం. కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ మొహం మారలేదు. నన్ను చూసి మూతలు పెట్టడం మొదలుపెట్టింది.

"ఏం పెట్టుకున్నా తడిగుడ్డ నమిలినట్టుంది అబ్బాయ్" అంది. "ఎవరికీ చెప్పకు. మీ అన్నకి కూడా."

"డాక్టరుకి చెబుదాం వదినా."

"చెప్పాను. వస్తే వస్తుందన్నాడు, లేకపోతే లేదన్నాడు. ఆమాత్రం నేనూ చెప్పగలను." మూతలన్నీ పెట్టేసి నా వైపు చూసింది. "వచ్చే ఏడు పాదులు నువ్వు తినాలి. మీ అన్న నోరు పొగాకు నోరు, వేపకాయ పెట్టినా బానే ఉందంటాడు. నీది మంచి నాలుక. నువ్వు తిని చెప్పు, గుడ్డ నేను కడతాను. ఇద్దరి మధ్యా ఉంటుంది."

ఉబ్బిపోయాను. నా నాలుక మంచిదని అంతకుముందు ఎవరూ అనలేదు. సరేనన్నాను.

మరుసటి ఏడు గూట్లోని పాత గింజలు వీధికే సరిపోవడంతో, దారం కట్టని ఆ కాయల గింజలే వదిన మా పెరట్లో నాటింది. ముప్పై ఆరు పాదులూ బాగానే ఎక్కాయి. లేతకాయలు దిగాయి. రుచి చూడాల్సిన రోజు రానే వచ్చింది. ఆ పొద్దున్నే నాకూ ఆమెకూ మాట పట్టింపు వచ్చింది. బస్సు కండక్టరు చొక్కా కొలతకు వచ్చి కూర్చుని ఉన్నాడు. వదిన అటు వెళ్తూ నేను కుట్టిన కాలరును రెండు వేళ్లతో పట్టుకుని "ఇది వంకరపోయింది. నా సంచికైనా ఇలా కుట్టను" అంది. నిజమే, వంకరపోయింది. కానీ బేరం ముందు అనాలా? కండక్టరు పళ్లికిలించాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ మంటతోనే పెరట్లోకి వెళ్లాను. గిన్నెలో నీళ్లు, చిన్న కత్తి. మొదటి వరస శ్రద్ధగానే తిన్నాను. రెండో వరసలో నాలుగో పాదు చేదు. నాలుక చివర తగిలి గొంతు దాకా పాకింది. పిలిచాను. వదిన వచ్చి, ఒక్క ప్రశ్న అడక్కుండా పాదును లాగి తగలబెట్టింది. ఆ క్షణాన నాకు గర్వంగానే ఉంది. మూడు, నాలుగు, అయిదు వరసలు అయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. పచ్చి సొరముక్కలు నమిలి నమిలి నోరు జిగురయింది. ముందుగదిలో జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. పైగా ఆ కాలరు మాట ఇంకా చెవిలో గుచ్చుతోంది. సంచులు కుట్టేదానికి ఇంత పొగరా, ఇప్పుడు నా నాలుక లేకపోతే గతేమిటి అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. రాసేటప్పుడు మార్చి రాయడం చేతకాక కాదు.

చివరి వరస ఆరు పాదులకూ కాయలు కోశాను, ముక్కలు కోశాను. ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. కంచె అవతలికి విసిరేశాను. అక్కడ ఒక మేక మేస్తోంది. ముక్కల దగ్గరికొచ్చి, వాసన చూసి, పక్కనున్న ఎండుగడ్డి తినడానికి వెళ్లిపోయింది. దాని కడుపు నిండిందేమో అనుకున్నాను. మేకకు కడుపు నిండడం ఎక్కడైనా చూశామా? లోపలికి వచ్చి "మిగతావన్నీ బాగున్నాయి వదినా" అన్నాను.

"చివరి వరస కూడానా? అవి కంచె పక్క కాయల గింజలు."

"అన్నీ అంటే అన్నీ కాదా?"

నరం లేని నాలుక, ఎటు తిప్పితే అటు తిరిగింది. ఆమె తలాడించి ఎర్రగుడ్డలు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ముప్పై అయిదు కాయలకూ కట్టింది. ఆ సాయంత్రంనుంచి ప్రతి సాయంత్రం ఒక పాదు మగపువ్వును ఇంకో పాదు ఆడపువ్వుకు అద్దుతూ వరసల మధ్య తిరిగింది. నేను మిషను మీదనుంచి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నా మాట నమ్మి, చివరి వరస పువ్వులు తీసుకెళ్లి మొదటి వరసలో అద్దింది. ఆమె చేతులతోనే.

ఆ ఏడే అడుగుసీసా మార్చాల్సి వచ్చింది. అయిదేళ్లకోసారి పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూసేది. ఈసారి నాలుగే మొలిచాయి. అడుగుసీసా గింజలు ముసలివైపోయాయి. కొత్త పంట బాగుందన్న ధైర్యంతో పాతవాటిలో కొత్త గింజలు కలిపి మైనం కార్చింది. నేను గుడ్డ మీద కొత్త అంకె కుట్టిచ్చాను. వద్దు, కలపకు అనడానికి నోరు రాలేదు. ఏమని అనాలి? అయినా ఏమవుతుందిలే, ఆరు పాదులేగా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

తరవాతి ఏడు నలభై ఇళ్లలోనూ పందిళ్లు ఎక్కాయి.

మొదట కండక్టరు వచ్చాడు. చంకలో పొట్టిమెడ సొరకాయ, వెనక ఆరుగురు. వాళ్ల నాన్నకు ఏదీ పారేయడం ఇష్టముండదట. కూర చేదుగా ఉందని ఇంట్లోవాళ్లంతా వదిలేస్తే కారం కలుపుకుని తినేశాడట. రెండు రోజులుగా వాంతులతో మంచం మీద ఉన్నాడు. వెనకున్నవాళ్లలో నర్సమ్మ కూడా ఉంది, పక్కింటి మనిషే. ఆమె మెల్లగా "మాదీ చేదేనమ్మా, పిల్లలు ఉమ్మేశారు కాబట్టి సరిపోయింది" అంది.

వదిన గుమ్మంలో నిలబడింది. నేను మిషను ముందున్నాను. రెండు బారల దూరం కూడా లేదు.

"నా విత్తనంలో చేదు లేదు. తిని చూశాకే కట్టాను" అంది వదిన.

"అయితే ఇది తిను" అన్నాడు కండక్టరు.

ఆమె కాయ తీసుకుంది. నా బల్ల మీది కత్తెర పక్కన ఉన్న కత్తి తీసుకుంది. కోసే ముందు ఒక్కసారి నా వైపు చూసింది. నేను తల దించుకుని పాంటు అంచు మడుస్తున్నాను. తేలు కుట్టిన దొంగకు కూడా కాస్త మూలుగైనా వస్తుంది. నాకు అదీ రాలేదు. ఆమె ముక్క కోసి నోట్లో పెట్టుకుని నమిలింది. మింగింది. రెండో ముక్క. మూడోది. అందరూ ఆమె మొహం చూస్తున్నారు. మొహంలో ఏమీ లేదు. నాలుగోది కూడా తిని "ఏదీ చేదు?" అంది.

ఆ కాయ రుచి వాళ్లకు తెలుసు. ఆ కాయను అలా తింటున్న మనిషిని చూసి వాళ్లకు అర్థమైంది ఒక్కటే. పచ్చి అబద్ధం ఆడుతోందని. "ఇంత మొండితనమా?" అని ఎవరో అన్నారు. "పరువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటుందా?" అని ఇంకెవరో. ఆమె తిన్నది పరువు కోసం కాదు. నేను తిన్నానని నమ్మి తింది.

గంట తిరిగేసరికి వాంతులు పట్టుకున్నాయి. సాయంత్రానికి నెత్తురు పడింది. నర్సమ్మే రిక్షా పిలిచింది. తొమ్మిది రోజులు ఉంచారు. స్పృహ వచ్చాక డాక్టరు కోప్పడ్డాడు.

"నాలుక మీద పెట్టగానే ఉమ్మేయాలి కదమ్మా. నాలుగు ముక్కలు ఎలా మింగారు?"

"నా కాయని నేనే ఉమ్మితే ఎలా డాక్టరుగారూ?" అంది వదిన.

అన్నయ్య పక్కనే ఉన్నాడు. నేను మందుల సంచి పట్టుకుని నిలబడ్డాను. నాలుక పోయిందని అప్పుడైనా చెప్పుకోవచ్చు. చెబితే జ్వరంనాటినుంచి ఎవరు తిన్నారన్న ప్రశ్న వస్తుంది. ఆమె తన పరువే కాపాడుకుందో, నన్నే కాపాడిందో నాకు తెలియదు. నేను మాత్రం బతికిపోయాననుకుని ఊపిరి పీల్చుకున్నాను. అది బాగా గుర్తుంది.

ఇంటికొచ్చాక గూట్లో సీసాలన్నీ పెరట్లో గుమ్మరించి తగలబెట్టింది. వీధిలో వాళ్లు అప్పటికే పందిళ్లు పీకి, కొట్లో అమ్మే రంగుల విత్తనం పొట్లాలు తెచ్చుకున్నారు. ఆ కాయలకు మెడ పొడుగు, రుచి చప్పన. అయినా చేదు లేదు కదా అనుకున్నారు. మరుసటి నాట్లకు మా గుమ్మం ముందు ఎవరూ నిలబడలేదు. ఆ వారం వదిన పీట వేసుకోలేదు, గోడౌనుకు పోయి ఎప్పటికంటే ఎక్కువ సంచులు కుట్టింది. తరవాత రెండేళ్లు పెరడు బీడుగానే ఉంది. తీగ జాతి మొత్తం ఇప్పుడు మెట్ల కింద ఇసక కుండలో, ఒక్క సీసాలో ఉంది. ఆ సంగతి ఆమెకూ నాకూ తెలుసు.

మూడో ఏడు ఆమె అడుగుసీసా మైనం గీకి తీసింది.

"ఇందులో అమ్మ చేతి గింజలు కొన్నైనా బతికుంటాయి అబ్బాయ్. అన్నీ నాటేస్తాను. చేదువి పీకేసి, తియ్యటివి ఒకటీ రెండూ దక్కినా చాలు. జాతి నిలబడుతుంది" అంది. "తినేవాళ్లే కావాలి."

ముందు నర్సమ్మను అడిగింది. నర్సమ్మ వదిన చేతులు పట్టుకుని "పిల్లలున్నదాన్నమ్మా, నన్ను అడక్కు" అంది. ఇంకో ఇద్దరిని అడిగింది. ఒకామె నవ్వి తలుపేసుకుంది. చివరికి నా దగ్గరికే వచ్చింది.

సీసాలో గింజలన్నీ నాటితే పదకొండు పాదులు మొలిచాయి. ఆ మూడు నెలలు నేను వాటిని పసిపిల్లల్లా చూశాను. నీళ్లు నేనే పోశాను, మొగ్గలకు దారాలు నేనే కట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. లేతకాయలు దిగిన రోజు కొట్టు మూసేశాను. ప్రతి పాదుకూ రెండు కాయలు కోశాను. ముక్కకూ ముక్కకూ మధ్య నోరు పుక్కిలించాను, కాసేపు ఆగాను. తొమ్మిది పాదులు చేదు. ఎంత చేదంటే మధ్యాహ్నం దాకా నా నాలుక నాది కాలేదు. గోడ మూలనున్న రెండు మాత్రం తియ్యగా ఉన్నాయి. నా పద్నాలుగో ఏట మొదటిసారి తిన్న రుచే. సందేహం పడి మరో కాయ కోసి మళ్లీ తిన్నాను. తియ్యనే. అక్కడే, పాదుల మధ్య కూర్చుని ఏడ్చాను.

లోపలికి వచ్చేసరికి వదిన బియ్యం ఏరుతోంది. అన్నయ్య గోడకు ఆనుకుని పొగాకు నలుపుతున్నాడు.

"రెండు దక్కాయి వదినా. గోడ మూలవి. నిజంగా తియ్యగా ఉన్నాయి" అన్నాను.

ఆమె మొహం వెలుగుతుందనుకున్నాను. చేట పక్కన పెట్టి నన్నే చూసింది.

"ఒక్క మాట అడుగుతాను అబ్బాయ్. ఆ ఏడు చివరి వరస తిన్నావా?"

మూడేళ్లుగా ఆ ప్రశ్న కోసం భయపడుతూనే ఉన్నాను. ఆమె గొంతులో కోపం లేదు. సంచి ఎక్కడ చిరిగిందని అడిగినట్టే అడిగింది. అన్నయ్య పొగాకు నలపడం ఆపి ఇటు చూశాడు. ఏమిటీ గొడవ అన్నట్టు. ఆసుపత్రి మంచం మీద నెత్తురు కక్కుకున్న తన భార్యను తొమ్మిది రోజులు ఎత్తి దించిన మనిషి. ఆయన ముందు ఆ మాట అనలేకపోయాను.

"తిన్నాను వదినా."

"ఆరు పాదులూ?"

"ఆరూ."

"చేదు తెలియలేదా?"

"తెలియలేదు."

ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని రెండు రాళ్లు ఏరింది. తరవాత, అన్నయ్య వింటున్నాడని కూడా చూడకుండా, నాకేదో జబ్బు ఉందని డాక్టరు చెప్పినట్టు, జాలిగా అంది. "తినకుండా చెప్పుంటే వేరే సంగతి. మనిషన్నాక బద్ధకిస్తాడు, కోపంలో ఉంటాడు. అప్పుడు నీ నాలుక బాగానే ఉన్నట్టు లెక్క. తిని కూడా తెలియలేదంటే, నీ నాలుకా నా నాలుకలాంటిదే నాయనా. అందులో నీ తప్పేం లేదు. కానీ ఇవాళ నువ్వు తియ్యగా ఉన్నాయన్న మాట పట్టుకుని ఆ గింజ ఇంకో వంటింట్లోకి ఎలా పంపను?"

"నర్సమ్మని ఇంకోసారి అడుగుదాం."

"ఎవరూ తినరు. నేను అడగను." లేచి కొడవలి తీసుకుంది.

వెనకే వెళ్లాను. చేదు పాదులు తొమ్మిదీ ఒక్కొక్కటే లాగింది. ప్రతిదానికీ వంగి, వేరు దాకా మట్టి తవ్వి లాగింది. అరవైకి దగ్గరపడ్డ మనిషికి ఆయాసం వస్తోంది. నేను పీకుతానని అనలేదు. అంటే నోరు తెరవాలి, తెరిస్తే ఏది బయటికొస్తుందో నాకే తెలియదు. గోడ మూలకు చేరాక ఆగింది. మొదటి పాదు కాండం పిడికిట్లో పట్టుకుని, నాకు వీపు పెట్టి అలాగే నిలబడింది. లాగలేదు. ఆ కాండానికి నేను కట్టిన దారాలు ఇంకా వేలాడుతున్నాయి. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. నా మిషను మీద ఒక చేతి అంచు కుట్టేంతసేపు. తెలిసే ఆగిందా, ఆయాసంతో ఆగిందా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఒక్క మాట చాలు. తినలేదు వదినా అంటే చాలు, ఆ రెండు పాదులూ బతికేవి.

నేను అనలేదు. ఆమె లాగేసింది. రెండోదీ లాగేసింది.

పాదులన్నీ కుప్పవేసి నిప్పంటించాక, సీసా కడిగి గట్టు మీద బోర్లించింది. అదివరకు సీసా కడిగిన ప్రతిసారీ నా బల్ల దగ్గరికొచ్చి, గుడ్డముక్క చేతికిచ్చి, అంకె కుట్టమనేది. ఆ సాయంత్రం మిషను ముందు కూర్చుని ఎర్రదారం సూదికి ఎక్కించుకుని ఎదురుచూశాను. ఆమె వచ్చింది. గోడౌనునుంచి తెచ్చుకున్న సంచి ఒకటి నా పక్కన పెట్టి, కాస్త వెలుతురుందని అక్కడే కూర్చుని దబ్బనంతో కుట్టుకుంది.